చిక్‌పేట ఆదివారం సంత: వింత ఆకారాల పాత వాచీలు కొనేవాళ్లకి

సరుకుకి 5కి 4 మార్కులు, అమ్మేవాళ్ల మాటకి 5కి 2. ఈ తేడా ఎక్కడుందో తెలిస్తే బెంగళూరు ఆదివారం సంతలో పీపా, కోడిగుడ్డు, టీవీ పెట్టె, ఎద్దుకొమ్ముల ఆకారాల వాచీలని ధైర్యంగా బేరమాడవచ్చు. గుండ్రటి వాచీ ఏ వీధిలోనైనా దొరుకుతుంది, దానికోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

సంత బీవీకే అయ్యంగార్ రోడ్డు, అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల నేల మీదే పరుచుకుంటుంది. మంచివి పొద్దున్నే ఏరుకుపోయే వ్యాపారులు ఉంటారు కాబట్టి తెల్లారేసరికి అక్కడుండాలి. ఆదివారాల్లో మెట్రో మామూలుకన్నా ఆలస్యంగా మొదలవుతుంది, ఆటోయే గతి. పది రెట్ల భూతద్దం, సన్న టార్చి, చిన్న కొలత స్కేలు జేబులో వేసుకోండి. టిక్కులు విని వేగం చెప్పే ఫోన్ యాప్‌లని ఆ గోలలో నమ్మలేం.

రాశుల్లో హెచ్‌ఎంటీలే ఎక్కువ. అందులో వింతేం లేదు: 1961లో జపాన్ సిటిజన్ సాయంతో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత సీకో, సిటిజన్, ఫేవర్ లూబా కనబడతాయి.

ఆకారం ఉన్న వాచీలో మెషీన్ చౌక, గాజు ప్రియం. అమ్మేవాడు "ఆటోమేటిక్ సార్, ఫుల్ సర్వీస్" అని వెనకవైపు చూపిస్తాడు. మీరు ముందువైపే చూడండి. గుండ్రటి గాజు మిల్లీమీటరులో పదోవంతు తేడాల సైజుల్లో రెడీగా దొరుకుతుంది, నొక్కి కూర్చోబెడితే సరి. పీపా కేసుకో, ఒక పక్కకి లాగినట్టున్న కేసుకో అలాంటి సైజులు సాధారణంగా దొరకవు. కేసు అంచుని కాగితం మీద గీసి, యాక్రిలిక్ (పారదర్శకమైన ప్లాస్టిక్) షీటు మీదికి ఎక్కించి, గీతకి అర మిల్లీమీటరు బయటగా కోసి, మిగతాది ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తూ బిగుతు చూసుకోవాలి. గాజు వంపు తిరిగి ఉంటే షీటుని వేడిచేసి అచ్చు మీద వంచాలి. వేడి ఎక్కువైతే బుడగలొస్తాయి, తక్కువైతే వంచినచోట ఒత్తిడి మిగిలి తర్వాత సన్నని పగుళ్లు తేలతాయి. ఇంత పని చేసే చేయి ఊరికి కొద్దిమందికే ఉంటుంది. ఒక్కోసారి కూలి వాచీ ధరని దాటుతుంది. అందుకే ఉన్న యాక్రిలిక్ గాజు మీద సన్న గీతలుంటే ఫరవాలేదు, పాలిష్ పేస్టుతో పోతాయి. మూల విరిగినా, అంచున వెంట్రుకంత పగులు కనబడినా ఆ కూలి ధరలో కోయాల్సిందే.

గాజు ఇదివరకే మార్చారా అన్నది టార్చి చెబుతుంది. డయల్ అంచున తెల్లటి పొగ పట్టినట్టుంటే సూపర్ గ్లూ వాడారు. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి గాజు లోపలా డయల్ మీదా పేరుకుంటుంది. గాజు మీదది తుడిస్తే పోవచ్చు గానీ, డయల్ మీదది తుడవబోతే అక్షరాలే చెరిగిపోతాయి.

తర్వాత కేసు మూలలు. పాలిష్ చక్రానికి పదునైన అంచంటే పగ. గుండ్రటి కేసు రెండుసార్లు చక్రమెక్కినా పెద్దగా తెలియదు, పలకలున్న కేసు మాత్రం సబ్బుబిళ్లలా నునుపెక్కిపోతుంది. గిల్టు వాచీల మీద తరచుగా పూత మందం 10 లేదా 20 మైక్రాన్లని ముద్ర ఉంటుంది (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). పూత ముందు అరిగేది మూలల్లోనే, అక్కడ ఇత్తడి బయటపడితే అది వయసు లెక్క. ముద్ర సగం చెరిగిపోయి కేసు మాత్రం కొత్త బంగారంలా మెరుస్తోందంటే పైపైన కొత్త పూత వేశారు. అది మైక్రాను కూడా ఉండదు, చెమటకి త్వరగానే పోతుంది.

వెనక మూతకి సందు గానీ, కత్తి మొన పెట్టే నొక్కు గానీ కనబడకపోతే అది ఒంటి ముక్క కేసు. ఒమేగా డైనమిక్ లాంటి కోడిగుడ్డు వాచీలు ఈ జాతి. వీటిని ముందునుంచే విప్పాలి. కీ రాడ్డు రెండు ముక్కలుగా ఉంటుంది, సరైన కోణానికి తిప్పి లాగితే పై ముక్క ఊడుతుంది. ఆ రంధ్రంలోంచి గాలి పంపు కొడితే గాజు పైకి లేస్తుంది. ఇది తెలియని మెకానిక్కు వెనకాల కత్తి పెట్టి పొడుస్తాడు. ఒంటి ముక్క కేసు వెనక కత్తి గాట్లు కనబడితే లోపల కూడా అలాంటి చేతులే పడ్డాయనుకోవాలి.

ఎద్దుకొమ్ముల వాచీలు, అంటే కీ, రెండు బటన్లు పైన పన్నెండు దగ్గర ఉండే 1970ల సీకో, సిటిజన్ క్రోనోగ్రాఫ్‌లు (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీలు), ఈ మధ్య అందరూ అడుగుతున్నారు. సీకోలో 6138, సిటిజన్‌లో 8110 నంబరు మెషీన్ ఉండాలి. రెండూ ఆటోమేటిక్కే, అంటే చేతి కదలికకే స్ప్రింగు ఎక్కేవే అయినా కీ తిప్పితే స్ప్రింగు ఎక్కాలి. ఎక్కకపోతే లోపల వేరే మెషీనైనా ఉండాలి, కీ భాగమైనా అరిగి ఉండాలి. పరుగు ముల్లుని (స్టాప్‌వాచీ ముల్లుని) నడిపించి, ఆపి, వెనక్కి కొట్టండి. ఠక్కున పన్నెండు మీదే నిలవాలి. రెండు గీతలు అటో ఇటో ఆగితే ముల్లు వదులు, లేదా దాన్ని వెనక్కి తన్నే లోపలి సుత్తి సర్దుబాటు తప్పింది. డయల్ అడుగున చీమకాళ్లంత సన్నగా ఉండే సంకేత సంఖ్య లేకపోతే, ఉన్నా లావుగా అలికినట్టుంటే, రంగేసిన డయలే. సీకో వెనక సీరియల్లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. ఆ మోడలు తయారైన ఏళ్లకి ఇది పొసగాలి.

మూడు కోణాల హామిల్టన్ వెంచురా కనబడితే తొందరపడకండి. 1957లో వచ్చిన అసలుది బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ మెషీన్, ఇప్పుడు తిరిగే వాటిలో తర్వాతి కాలపు క్వార్ట్జ్ మోడళ్లే ఎక్కువ. కరిగి జారుతున్నట్టుండే కార్టియే క్రాష్ లండన్‌లో 1967లో పుట్టింది. అది సంతలో నేల మీద పరిచిన ప్లాస్టిక్ షీటు మీద దొరికితే, అది క్రాష్ కాదు.

కీ ఇచ్చే వాచీ ఏది తీసుకున్నా పది చుట్లు కీ ఇచ్చి డయల్ పైకి, కిందికి, కీ కిందికి, ఒక్కో నిమిషం పెట్టి చూడండి. ఒక్క భంగిమలోనే ఆగిపోతుంటే బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చక్రం) ఇరుసు అరిగి ఉండవచ్చు. కీ బిర్రుగా, గీసుకుంటూ తిరిగితే రాడ్డు రంధ్రానికి సూటిగా లేకపోవచ్చు, అంటే వేరే వాచీ మెషీన్‌ని ప్లాస్టిక్ రింగుతో ఇరికించి ఉండవచ్చు. "అన్నా, మూత తీసి చూపించవా" అని అడగడంలో తప్పులేదు, చాలామంది తీస్తారు. తీయనంటే ఆ వాచీని వదిలేయండి.

వానలో వీటిని పెట్టుకోకండి. చాలావాటికి మర మూత ఉండదు, నీళ్లు ఆపే నలుచదరపు రబ్బరు సమంగా అదమదు. నీళ్లు చొరబడని చదరపు వాచీ అని హ్యూయర్ 1969లో మొనాకోని గొప్పగా చెప్పుకుందంటే ఆ పని ఎంత కష్టమో చూడండి.

గాజు వేయించాలంటే మామూలు రోజుల్లో రిపేరు కౌంటర్ల దగ్గరికి వెళ్లండి. మెషీన్, డయల్, ముళ్లు ముందే తీయించి మూతున్న డబ్బాలో మీ దగ్గరే ఉంచుకుని, ఖాళీ కేసు ఒక్కటే ఇవ్వండి. సూపర్ గ్లూ వద్దని, అతినీలలోహిత దీపానికి గట్టిపడే జిగురే వాడమని ముందే చెప్పి, ఆ మాట రసీదు మీద రాయించుకోండి.