ఇనుప స్కూటరుతో బెజవాడలో రెండేళ్లు

2023 దసరాకి కొన్నాను. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి హెడ్‌లైటు, క్రోమ్ అద్దాలు, తేనెరంగు సీటు. షోరూములో చూడగానే మనసు పడ్డాను, దాచుకోవడం ఎందుకు. నేను టైలర్ని. షాపు సత్యనారాయణపురం, ఇల్లు సింగ్‌నగర్. వారానికి మూడుసార్లు వన్‌టౌన్ వెళ్లి వస్త్రలత బట్టల మార్కెట్లో లైనింగు గుడ్డ, ఫాల్సు, దారాలు తెచ్చుకోవాలి. అంటే ఈ బండి నాకు ఆదివారం షికారుకి కాదు, చాకిరీకి. ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయను. ఈ రకంలో ఏది కొనేవాళ్లకైనా పనికొచ్చే సంగతులే చెబుతాను.

రెట్రో పేరుతో అమ్మే స్కూటర్లలో రెండు రకాలు. మామూలు ప్లాస్టిక్ బండికి గుండ్రటి లైటు తగిలించినవి కొన్ని. నిజంగానే ఇనప రేకుతో చేసినవి కొన్ని. నాది రెండోది. మంచి చెప్పినా చెడు చెప్పినా తిరిగి ఆ రేకు దగ్గరికే వస్తాను.

ఈ రేకు కథ వెస్పాతో మొదలైంది. 1946లో ఇటలీలో కొరాడినో దస్కానియో అనే విమానాల ఇంజనీరు దాన్ని రూపొందించాడు. లోపల ఒక ఫ్రేము, పైన ఒక తొడుగు అని కాకుండా, పైరేకే మొత్తం బరువు మోసేలా చేశాడు. మన బజాజ్ చేతక్, 1972లో వచ్చింది, ఆ వంశందే. చేతక్ నడిపినవాళ్లకి పెట్రోలు అందకపోతే బండిని పక్కకి వంచి, కిక్కు కొట్టిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఇప్పటివాటికి ఆ తిప్పలు లేవు. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్టు. స్టెప్నీ మాత్రం పోయింది, అదొక్కటే నాకు బాధ.

నా బండి 115 కిలోలు. మొదటి వారం సెంటర్ స్టాండు ఎక్కించలేక పక్క జిరాక్స్ షాపు కుర్రాణ్ణి పిలిచేదాన్ని. రోజూ పిలవాలంటే సిగ్గేసింది. తర్వాత కిటుకు పట్టుబడింది. చేతులతో లాగితే నడుము పోతుంది గానీ బండి కదలదు. ఎడమ చేత్తో హ్యాండిలు నిటారుగా పట్టుకుని, కుడిచెయ్యి వెనక కడ్డీ మీద ఊరికే ఆనించాలి. స్టాండు కాళ్లు రెండూ నేలకి తగిలిన చప్పుడు వినపడ్డాక కుడికాలి మీద మన బరువంతా వేసి తొక్కాలి. అదే వెనక్కి ఎక్కి కూర్చుంటుంది. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. నాకు వచ్చిందంటే మీకూ వస్తుంది.

ఆ బరువే రోడ్డు మీద మేలు చేస్తుంది. బందరు రోడ్డులో సిటీ బస్సు పక్కనుంచి దూసుకుపోయినా, కనకదుర్గ ఫ్లైఓవర్ మీద కృష్ణ వైపు నుంచి గాలి కొట్టినా బండి అటూ ఇటూ ఊగదు. ఇంతకుముందున్న తేలికపాటి స్కూటరు మీద అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లేదాన్ని. మైలేజీ ఊళ్లో 42, 43 వస్తోంది, అంతకు మించి ఆశపడకండి.

ఫుట్‌బోర్డు మధ్యలో ఎత్తుగా ఉంటుంది, పాత స్కూటర్ల పోలిక కోసం. చూడ్డానికి బాగుంది, గుడ్డల మూట పెట్టినవాళ్లకి తెలుస్తుంది దాని సొగసు. మలుపు తిరిగినప్పుడల్లా మూట కాళ్ల మీదకి దొర్లుతుంది. మిషను కవరుకి తెచ్చిన ఫోమ్ ముక్కలు రెండు వైపులా కోసి పెట్టాను, ఇప్పుడు కుదురుగా కూర్చుంటోంది. డిక్కీలో సగం హెల్మెట్ పడుతుంది, నిండుది పట్టదు. వెనక కూర్చునే మా అమ్మాయి మాత్రం “అమ్మా, ఇది బండా, గుర్రమా, కాళ్లు ఇంత బారలా పెట్టాలా” అంటుంది. నిజమే, వెనకభాగం వెడల్పు.

ఎండాకాలం గురించి బెజవాడ వాళ్లకి చెప్పేదేముంది. మే నెలలో బీసెంట్ రోడ్డు దగ్గర గంటసేపు ఎండలో వదిలేస్తే, తిరిగొచ్చి సీటు మీద తడిగుడ్డ వేసుకోవాలి. మోకాళ్లు ముందు రేకుకి తగిలితే చురుక్కుమంటుంది. నేను లెగ్గిన్స్ మానేసి మందపాటి కాటన్ పాంటుకి మారిపోయాను.

రేకు మీద గౌరవం పెరిగింది కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర. ఒక ఆటో రివర్స్ వచ్చి పక్క డొప్పకి కొట్టింది. అరచేతంత సొట్ట. ప్లాస్టిక్ అయితే పగిలేది, మొత్తం ప్యానెల్ మార్చాల్సి వచ్చేది. ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే పెద్దాయన డొప్ప ఊడదీసి, వెనకనుంచి ఇనప దిమ్మ ఆనించి, కొయ్యసుత్తితో చిన్నగా కొడుతూ లేపాడు. పావుగంట కూడా పట్టలేదు. లప్పం, రంగు కలిపి 900 రూపాయలు.

ఇక వరద. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చేసింది. మేం ఇంటివాళ్ల మేడ మీదకి ఎక్కాం, బండి మెట్ల కింద ఉండిపోయింది. పైనుంచి చూస్తే రెండు గుండ్రటి క్రోమ్ అద్దాలు మాత్రం నీళ్ల పైన తేలుతున్నట్టు కనిపించేవి. నీళ్లు తీశాక మెకానిక్‌కి ఫోన్ చేస్తే, హలో కూడా అనకుండా అడిగిన మాట, “కీ తిప్పలేదు కదక్కా?”

తిప్పలేదు, అదే కాపాడింది. సిలిండర్లో గాలి ఉంటే పిస్టన్ నొక్కగలదు, నీళ్లుంటే నలగవు, అప్పుడు స్టార్టు చేస్తే పిస్టన్‌కి తగిలించిన కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ట్యాంకు ఖాళీ చేశారు, ఇంజన్ ఆయిల్ పోసి తీసి మళ్లీ పోశారు, బెల్టు కవరు విప్పితే గుప్పెడు ఒండ్రు. బ్యాటరీ పోయింది. ఫుల్ ఇన్సూరెన్సు ఉండబట్టి చాలావరకు వచ్చింది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి అదీ లేదు, ప్రభుత్వం బండికి ప్రకటించిన 3 వేలే దిక్కు.

అసలు దెబ్బ సంక్రాంతికి బయటపడింది. ఫుట్‌బోర్డు అడుగున రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఆటోనగర్ పెద్దాయన స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఆ మొన సరాసరి లోపలికి దిగింది. నాకు కడుపులో దేవినట్టయింది. రేకు రెండు మడతలుగా కలిసే చోట బురద ఇరుక్కుని, నెలల తరబడి చెమ్మ పట్టి లోపలినుంచి తినేసింది. “ఇనుముకి బయటి వాన ఏం కాదమ్మా, లోపల నిలిచిన నీళ్లే శత్రువు” అన్నాడు. మూడంగుళాల ముక్క కోసి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టి, తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రంగు కొట్టి ఇచ్చాడు. అదే వరదలో మునిగిన పక్కింటి ప్లాస్టిక్ బండి అడుగున ఇలాంటి తలనొప్పి లేదు, ఒప్పుకోవాల్సిందే. మీ బండి మునిగితే రబ్బరు మ్యాట్లు పీకేసి, మడతల్లోకి పైపు పెట్టి కడిగించి, ఒక రోజంతా ఎండలో ఉంచండి. సర్వీసు సెంటర్లో ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

విడిభాగాలకి ఓపిక కావాలి. ఒక అద్దం కోసం 40 రోజులు ఎదురుచూశాను. ఇప్పుడు వానాకాలం వస్తే బండిని షాపు మెట్టు మీదకి ఎక్కించి తాళం వేసి, నేను ఆటోలో ఇంటికి పోతాను.

మొన్న జాకెట్టు కొలతలకి వచ్చిన అమ్మాయి బయట బండి చూసి, “ఆంటీ, నేనూ ఇదే కొననా?” అంది. ఏ రంగు బాగుంటుందో అడగబోతోంది. ముందు బయటికి తీసుకెళ్లి సెంటర్ స్టాండు ఎక్కించి చూపించమన్నాను. మూడోసారికి ఎక్కించింది.