అమృత్ ఫ్యూజన్: ముప్పైకి ఏడున్నర నీళ్లు

ఈ విస్కీ బాటిల్ మూత తీసిన రోజు నేనూ మా బావా దాన్ని నీళ్లు కలపకుండా రా కొట్టాం. ఒంగోలు నుంచి అక్కావాళ్లు బెంగళూరు వచ్చారు. పిల్లలు పడుకున్నాక వేయించిన వేరుశనగపప్పు మధ్యలో పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాం. నేను నీళ్ల కోసం లేవబోతే బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంత పెట్టి కొన్నావు, నీళ్లు పోస్తే ఇంకేముంటదిరా అందులో, చచ్చిపోద్ది" అన్నాడు. పెద్దవాడు కదా అని ఎదురు చెప్పలేదు. మొదటి గుక్కకే నాలుక మొద్దుబారింది, ముక్కుకి ఘాటు తప్ప ఇంకేం తెలియలేదు. బావ కూడా రెండో గుక్క కళ్లు మూసుకుని మింగాడు.

తప్పు మందుది కాదు, మేం తాగిన పద్ధతిది. వైన్స్ షాపులో దొరికే మామూలు విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది, ఇందులో 50. కాగితం మీద ఏడు శాతమే గానీ నోట్లో ఆ తేడా చాలా ఎక్కువ. ఆ తర్వాత నెలన్నర పాటు శనివారం రాత్రి ఒకటి, మహా అయితే రెండు చిన్న పెగ్గులు పోసుకుని, ప్రతిసారీ నీళ్ల కొలత మార్చి చూశాను. కాబట్టి ఇది విస్కీ రివ్యూ అయినా, రాసేది ఎక్కువగా నీళ్ల గురించే.

ముందు విస్కీ సంగతి కొంచెం. అమృత్ డిస్టిలరీస్ 1948లో బెంగళూరులో పెట్టిన కంపెనీ. వాళ్లు తమ సింగిల్ మాల్ట్‌ని (మొలకెత్తించిన బార్లీతోనే, ఒకే డిస్టిలరీలో చేసే విస్కీ) 2004లో ముందుగా తీసుకెళ్లి అమ్మింది ఎక్కడో కాదు, స్కాచ్ పుట్టిన స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఫ్యూజన్ అనే పేరు ఎందుకంటే ఇందులో రెండు రకాల బార్లీ ఉంది, ఒకటి మన దేశంలో పండింది, రెండోది స్కాట్లాండ్ నుంచి తెచ్చిన, పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే మట్టి) పొగ పట్టించిన బార్లీ. విస్కీలకి మార్కులేసే రచయిత జిమ్ మర్రే తన 2010 'విస్కీ బైబిల్' పుస్తకంలో దీనికి వందకి 97 మార్కులిచ్చి ప్రపంచంలో మూడో స్థానంలో పెట్టాడు. పీపాల్లో ఉన్న విస్కీ స్కాట్లాండ్ చలిలో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే బెంగళూరు ఎండకి 10 శాతం పైనే పోతుందట. అందుకే స్కాచ్ లేబుల్ మీద వెతికినట్టు ఇక్కడ పీపాలో పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు ఉంచామని రాశారేమో అని వెతక్కండి, ఈ వాతావరణంలో కొద్ది ఏళ్లకే చెక్క రుచి బాగా దిగుతుంది.

ఇక నీళ్లు. మెడికల్ షాపులో సూది లేని 5 ఎం.ఎల్. సిరంజి కొన్నాను, అన్నిటికంటే పనికొచ్చింది అదే. సీసాతో వంచితే చెయ్యి ఆగదు, ఒక్క క్షణంలో 20 ఎం.ఎల్. పడిపోతుంది, పడింది వెనక్కి రాదు. కింద బొజ్జలా ఉండి పైన మూతి సన్నగా ఉండే గ్లాసులో 30 ఎం.ఎల్. విస్కీ పోసి, సిరంజితో ఒక్కో చుక్క వదులుతూ లైటుకి అడ్డంగా పెట్టి చూడండి. పంచదార పాకం నీళ్లలో కలిసేటప్పుడు కనిపించే సన్నటి తీగల్లాంటివి మెలికలు తిరుగుతూ కిందకి జారతాయి. అవి కలిసిపోయేదాకా ఆగి అప్పుడు వాసన చూడాలి.

నీళ్లు లేకుండా అయితే ఘాటు, దాని వెనక ఎక్కడో కొత్త చెక్క బీరువా తెరిచిన వాసన. 3 ఎం.ఎల్. పోస్తే ఘాటు ఒక అడుగు వెనక్కి వేసింది, పొగ తెలిసింది. ఏడున్నర ఎం.ఎల్. దగ్గర మాత్రం నేను గ్లాసు కింద పెట్టి మళ్లీ తీసి వాసన చూశాను, అంత తేడా ఉంది. మా అమ్మమ్మగారి ఊళ్లో కట్టెల పొయ్యి ఆర్పేశాక వంటింట్లో మిగిలే పొగ, దాని పక్కనే బెల్లం పాకం, ఫిల్టర్ కాఫీ పొడి డబ్బా, చివర్లో మామిడి తాండ్ర. తాగాక ఆ పొగ చాలాసేపు నోట్లోనే ఉంది. లెక్క కడితే 30కి ఏడున్నర కలిపినప్పుడు 50 శాతం కాస్తా సరిగ్గా 40కి దిగుతుంది. 15 పోస్తే మెత్తబడుతుంది, తీపి పైకొస్తుంది గానీ నాకు పొగ పలచబడినట్టు అనిపించింది. సగానికి సగం, అంటే 30కి 30 పోస్తే హాయిగా దిగుతుంది, కానీ అది ఏ విస్కీ అయినా ఒకటే అనిపించే స్థాయి, దానికి ఇంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఇది నా భ్రమేమో అని కొంచెం చదివాను కూడా. 2017లో స్వీడన్‌లోని లినేయస్ యూనివర్సిటీవాళ్లు కంప్యూటర్‌లో అణువుల కదలికలు లెక్కగట్టి చూశారు. పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం ఆల్కహాల్ మరీ ఎక్కువగా ఉంటే ద్రవం లోపలే ఉండిపోతుందట, 45 శాతం లోపు అయితే పైకి తేలి గాలికి దగ్గరగా చేరుతుందట. 2023లో అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు రకరకాల విస్కీలకి నీళ్లు కలిపి మనుషులకి వాసన చూపించారు, గ్లాసులో నీళ్ల వాటా 20 శాతం దాటాక ఒకే కోవకి చెందిన విస్కీలకి మధ్య తేడా పట్టుకోవడం కష్టమైందట. 30కి ఏడున్నర అంటే సరిగ్గా ఆ 20 శాతమే. నేను ముక్కుతో వెతుక్కుంటూ వెళ్లి ఆగిన చోటూ అదే అని తెలిసినప్పుడు చాలా సంతోషమేసింది.

ఏ నీళ్లు అన్నది కూడా చిన్న విషయమేం కాదు. మా అపార్టుమెంటు బోరు నీళ్లు బకెట్ మీద తెల్లగా చారలు కడతాయి, వాటితో కలిపితే విస్కీ చప్పగా, కొంచెం ఉప్పగా తగిలింది. వాటర్ ఫిల్టర్ నీళ్లు బాగున్నాయి. ఫ్రిజ్‌లో నీళ్లు వద్దు, ఐస్ అసలే వద్దు, చల్లబడితే వాసన ముడుచుకుపోతుంది. సోడా, థమ్సప్ ఇష్టమైనవాళ్లు వాటికి వేరే బాటిల్ పెట్టుకోవచ్చు, దీన్ని వదిలేయండి. మంచింగ్ కూడా కారంగా వద్దు, చికెన్ పకోడీ తిన్న నోటికి తాండ్ర రుచి ఎక్కడ తెలుస్తుంది?

పోయిన వారం బావ పని మీద ఒక్కడే వచ్చాడు. ఈసారి గ్లాసు నేనే కలిపి ఇచ్చాను, ఏడున్నర కొలతలో, ఏమీ చెప్పకుండా. వాసన చూశాడు, మళ్లీ చూశాడు. "ఇది ఆ బాటిలేనా?" అన్నాడు. అదే బావా, నీళ్లు పోశాను అన్నా. ఏమీ అనలేదు, సగం తాగి గ్లాసు ముందుకి జరిపి "ఇంకొంచెం పొయ్యి చూద్దాం" అన్నాడు. అలా అలా నేను పొగ పోయిందనుకునే 15 లెక్క దగ్గర ఆగాడు. ఆయనకి పొగ పడదట, బెల్లం రుచి అక్కడే బాగుందట. ఇప్పుడు బాటిల్‌లో పావు వంతు మిగిలింది, అది అయిపోగానే మళ్లీ ఇదే కొంటాను, బావకీ ఒకటి తీసుకోమని చెప్పాను.