చిన్న కుక్కపిల్లకు ట్రైనింగ్ ప్యాడ్లు: ఏది కొనాలి, ఎలా వాడాలి

కుక్కపిల్ల ఇంట్లో ఒకే చోట పోసేలా అలవాటు చేయడానికి నేల మీద పరిచే, తడి పీల్చే షీటే ట్రైనింగ్ ప్యాడ్. ముందే చెప్తున్నా, పెద్ద సైజే కొనండి. చిన్న జాతి పిల్లకి 45×60 సెం.మీ. ప్యాడ్ చాలనిపిస్తుంది. కానీ అది ముందు కాళ్లు ప్యాడ్ మీద పెట్టి, వెనక భాగం అంచు బయటే ఉంచి పోసేస్తుంది. తను సరైన చోటికే వెళ్లాననుకుంటుంది, పాపం. 60×90 అయితే ఈ తంటా చాలావరకు తప్పుతుంది.

లోపలి జెల్ తడిని బాగానే పీలుస్తుంది, అడుగున ప్లాస్టిక్ పొర నేలను కాపాడుతుంది. అసలు లోపం వేరే ఉంది: కొరికే అలవాటున్న పిల్ల దీన్ని చింపి జెల్ మింగొచ్చు. అలాంటిదానికి జాలీ మూత ఉన్న ట్రే తప్పనిసరి.

ప్యాడ్ దానంతటది ఏమీ నేర్పదు. నిద్ర లేవగానే, ఆట అయ్యాక, తిన్న పావుగంటకి పిల్లని అక్కడికి తీసుకెళ్లాలి. పని కాగానే, రెండు సెకన్లలోపే చిన్న ట్రీట్ పెట్టాలి. ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి తెలీదు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. తప్పు చేస్తే తిట్టకండి, భయపడి సోఫా వెనక్కి వెళ్లి పోస్తుంది. అక్కడ అమ్మోనియా క్లీనర్ వద్దు, మూత్రం వాసనని పోగొట్టే ఎంజైమ్ క్లీనర్‌తోనే తుడవండి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. కొన్నాళ్లు డోర్‌మ్యాట్లు కూడా తీసేయండి. కాళ్లకి మెత్తగా తగిలిందల్లా దానికి ప్యాడే.