గ్రోత్ స్కాన్: పర్లాకిమిడి రిపోర్టా, శ్రీకాకుళం రిపోర్టా?

పర్లాకిమిడిలో నెలనెలా చూపించుకుని, ఏడో నెల దాటాక పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వైపు పుట్టింటికి వెళ్లే అమ్మాయిలందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కా, ఎదుగుదల చూసే స్కానులో ఇక్కడ బిడ్డ బరువు ఒకలా వచ్చింది, అక్కడ ఇంకోలా వచ్చింది, డెలివరీ డేటు కూడా మారింది, ఏది నమ్మాలి?"

ముందు బరువు సంగతి. మెషీను బిడ్డను తూయదు. తల, పొట్ట, తొడ ఎముక కొలిచి హ్యాడ్‌లాక్ లాంటి ఫార్ములాతో లెక్క కడుతుంది. ఆఖరి నెలల్లో ఆ లెక్క 10–15 శాతం అటూ ఇటూ కావడం మామూలే, అంటే 3 కిలోలని రాస్తే అసలు బరువు 2.6 ఉండొచ్చు, 3.4 ఉండొచ్చు. పొట్ట కొలత మరీ తిప్పలు పెడుతుంది. బిడ్డ వీపు పైకి ఉన్నా, ప్రోబు (పొట్ట మీద ఆనించే స్కాను పరికరం) కాస్త ఏటవాలుగా పట్టినా గుండ్రంగా రావాల్సింది కోలగా వస్తుంది. అందుకే వారం తేడాతో రెండు ఊళ్లలో తీయించి 200 గ్రాములు తగ్గిందని బెంబేలు పడకండి. ఒకే చోట, వీలైతే ఒకే డాక్టరుతో, కనీసం రెండు వారాలు (మూడైతే ఇంకా మంచిది) ఆగి తీయించడమే మేలు.

డేటు విషయంలో మాత్రం నాకు ఏ సందేహమూ లేదు, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగే నమ్మాలి. అందులో వారం లోపే తేడా ఉంటుంది, ఎనిమిదో నెలలో అయితే మూడు వారాల దాకా పోతుంది. రిపోర్టులో ఎల్‌ఎంపీ (ఆఖరి నెలసరి) ప్రకారం ఒక డేటు, యూఎస్‌జీ (ఆ రోజు తీసిన స్కాను) ప్రకారం ఇంకో డేటు ఉంటాయి కదా, ఆ రెండోది ప్రతి స్కానుకీ మారిపోతుంది, ఎందుకంటే బిడ్డ సగటు సైజే అనుకుని మెషీను వారాలు లెక్కేస్తుంది. నిజంగా ఎదుగుదల తగ్గి, 34 వారాల బిడ్డ 31 వారాల సైజే ఉందనుకోండి, రిపోర్టులో 31 అనే వస్తుంది, ఇంట్లో అందరూ ఇంకా టైముందని ఊపిరి పీల్చుకుంటారు, అసలు ప్రమాదం అక్కడే దాక్కుంటుంది. పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలు మర్చిపోయినా పర్లేదు, ఆ మొదటి రిపోర్టు మాత్రం పట్టుకెళ్లి కొత్త డాక్టరుకి ముందు అదే చూపించండి.

టేపుతో తల్లి పొట్ట కొలవడం స్కానుకి ఎప్పుడు పంపాలో చెప్పడానికి సరిపోతుంది, అంతే. బిడ్డ చిన్నగా ఉందన్నప్పుడు గ్రాముల కంటే డాప్లర్‌లో (రక్తప్రవాహం చూసే స్కాను) బొడ్డుతాడు రక్తప్రవాహం ఎలా ఉందో అడగండి. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మొన్నటి రిపోర్టు ఎంత బాగున్నా సరే, అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.