సాయంత్రం ఎనిమిది దాకా మెషీన్స్ ల్యాబ్: ఒక ఈఈఈ విద్యార్థిని సమీక్ష

నేను 2018లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్)లో చేరి 2022లో బయటికొచ్చాను. ఉత్తరాంధ్రలో హైవే పక్కన ఉన్న ప్రైవేటు కాలేజీ, అప్పట్లో జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉండేది. బిల్డింగులు, క్యాంటీన్, వైఫై, ఫెస్టు అన్నీ చుట్టుపక్కల కాలేజీల్లో ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉంటాయి, వాటి గురించి రాయను. నాకు ప్రాణం లాంటిది ఒక్కటే. ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్ సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి ఉండేది. నాలుగింటికి క్లాసులు అయిపోయాక వెళ్లి, రిజిస్టర్‌లో సంతకం పెట్టి, కావలసిన ప్రయోగం మళ్లీ చేసుకోవచ్చు. నా చదువు నిలబడింది ఆ సాయంత్రాల వల్లే అని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

ఇందులో అంత గొప్పేముంది అనిపించవచ్చు. మన కాలేజీల్లో ల్యాబ్ పీరియడ్ ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లు అలా అనుకోరు. ఒక్కో మోటారు ముందు ఆరేడుగురు నిలబడతారు. ఒకరు కనెక్షన్లు ఇస్తారు, ఒకరు కరెంటు పెంచి తగ్గించే రియోస్టాట్ జరుపుతారు, ఒకరు రీడింగులు పైకి చదువుతారు, మిగతావాళ్లు అబ్జర్వేషన్ బుక్‌లో ఎక్కిస్తారు. మా బ్యాచ్‌లో ఆ ఎక్కించే పని ఎప్పుడూ అమ్మాయిలదే. రికార్డు సీనియర్లది చూసి రాసేస్తారు. ఇంటర్నల్‌కి, వైవాకి అది చాలు. ముందున్న మోటారు ఏం చేసిందో, ఎందుకు చేసిందో తెలియకుండానే సెమిస్టర్ అయిపోతుంది.

ఈ కాలేజీని వెతికి పట్టుకున్నది మా నాన్న. మా ఊళ్లో ఆయనది మోటార్ వైండింగ్ షాపు, ఎక్కువగా బోరు మోటార్లు, పిండిమర మోటార్లు వస్తాయి. ఎంసెట్ ర్యాంకు వచ్చాక, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కొన్ని కాలేజీలు తిరిగి చూశాం. ప్రతిచోటా ఏసీ సెమినార్ హాలు, హైయెస్ట్ ప్యాకేజీ వచ్చినవాళ్ల ఫొటోలతో ఫ్లెక్సీ చూపించారు. నాన్న మాత్రం మెషీన్స్ ల్యాబ్ చూపించమనేవారు. ఒకచోట డీసీ మోటారులోకి తొంగిచూసి, ఏమీ అనకుండా బయటికొచ్చేశారు. బస్సెక్కాక చెప్పారు: "కమ్యుటేటర్ కొత్త రాగి బిందెలా మెరిసిపోతోందమ్మా. దాన్ని వీళ్లు సరిగ్గా తిప్పిందే లేదు." కమ్యుటేటర్ అంటే డీసీ మోటారు తిరిగే భాగం మీదుండే రాగి ముక్కల రింగు, కార్బన్ బ్రష్‌లు దాన్ని ఒరుసుకుంటూ లోపలికి కరెంటు అందిస్తాయి. బాగా నడిచే మోటారులో ఆ బ్రష్‌లు ఒరుసుకునే చోట దాని మీద ముదురు గోధుమ రంగు పొర సమానంగా పడుతుంది. ఈ కాలేజీ మోటార్ల మీద ఆ పొర ఉంది. బ్రష్‌ల కింద కార్బన్ పొడి ఉంది. మేం వెళ్లింది అయిదు దాటాకే అయినా ఇద్దరు కుర్రాళ్లు టాకోమీటరు పట్టుకుని స్పీడు చూస్తున్నారు. నా ర్యాంకుకి ఇంకోచోట సీఎస్‌ఈ వచ్చేది. అయినా ఇక్కడి ఈఈఈనే మొదటి ఆప్షన్‌గా పెట్టాం.

కాలేజీలు వెతికేవాళ్లకు మరో రెండు విషయాలు. నాణ్యత చూసి ఇచ్చే గుర్తింపుల్లో న్యాక్ మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచికి బ్రాంచికీ వేరుగా ఉంటుంది. కాబట్టి గేటు మీద ఎన్‌బీఏ అని కనిపిస్తే ఏ బ్రాంచికో అడగండి. ప్యాకేజీల సంగతికొస్తే, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి కాలేజీ పంపే వివరాల్లో ఉద్యోగాలొచ్చినవాళ్ల మధ్యస్థ జీతం ఉంటుంది. దాన్ని ఫ్లెక్సీ మీది అంకె పక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. 2020 ఫిబ్రవరి, మేం రెండో ఏడాదిలో ఉన్నాం. డీసీ షంట్ మోటార్ స్పీడ్ కంట్రోల్ ప్రయోగం. ఫీల్డ్ కరెంటు (మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే వైండింగ్‌కి వెళ్లేది) తగ్గించుకుంటూ పోతే స్పీడు పెరగాలి. మా మోటారు నిమిషానికి 1500 చుట్లు దాటి 1600 దగ్గరికి రాగానే, దాన్ని స్టార్ట్ చేసే పెట్టె, అంటే స్టార్టర్, హ్యాండిల్ టప్పున వెనక్కి పడిపోయి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అంతే. పీరియడ్ అయిపోవచ్చింది, రికార్డులో చూస్తే సీనియర్లకు 1800 దాకా రీడింగులు నీటుగా ఉన్నాయి. బ్యాచ్ మొత్తం అవే ఎక్కించేసి వెళ్లిపోయింది.

సాయంత్రం నేనూ నా ఫ్రెండూ మళ్లీ వెళ్లాం. ఆ ల్యాబ్‌ని చూసుకునే టెక్నీషియన్‌ని అందరం మాస్టారూ అనే పిలిచేవాళ్లం. కాలేజీకి రాకముందు ఆయన జూట్ మిల్లులో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్.

"ఏటమ్మా, రీడింగులు రాసీసేరు కదా, మళ్లీ ఎందుకొచ్చేరు?"

"1600 దగ్గర ఆగిపోతోంది మాస్టారూ. ఎందుకో తెలీడం లేదు."

ఆయన కారణం చెప్పలేదు. సప్లై ఆపి, స్టార్టర్ ముందు ప్లేటు విప్పి, హ్యాండిల్‌ని పట్టి ఉంచే నో వోల్ట్ కాయిల్ చూపించి, "దీని వైరు ఎటెల్తందో చూసి చెప్పండి" అన్నారు. వేలు పెట్టి వైరు వెంబడి వెళ్లాం, మల్టీమీటరుతో కంటిన్యుటీ (వైరు రెండు చివరలూ కలిసి ఉంటే బీప్ వస్తుంది) చూశాం. అది నేరుగా ఫీల్డ్ వైండింగ్‌లోకి వెళ్తోంది. అంటే స్పీడు పెంచడానికి మేం ఏ కరెంటు తగ్గిస్తున్నామో, హ్యాండిల్‌ని పట్టి ఉంచే అయస్కాంతానికి అందేది కూడా అదే కరెంటు. అది తగ్గేసరికి అయస్కాంతం పట్టు సడలుతుంది, స్ప్రింగు హ్యాండిల్‌ని వెనక్కి లాగేస్తుంది. మేం వాడింది త్రీ పాయింట్ స్టార్టర్, దానికి ఈ ఇబ్బంది ఉందని పుస్తకంలోనూ ఉంది. కానీ ఆ రోజు ఆ వైరు చివర కంటిన్యుటీ బీప్ వినిపించినప్పుడు నాకు కలిగిన ఆనందం పుస్తకంలో దొరికేది కాదు.

తర్వాత ఆయన బీరువా తెరిచి ఫోర్ పాయింట్ స్టార్టర్ తీశారు. ఇందులో ఆ కాయిల్‌కి వేరే దారి ఉంటుంది, ఒక రెసిస్టెన్స్‌తో కలిసి నేరుగా సప్లై మీద ఉంటుంది. ఫీల్డ్ ఎంత తగ్గించినా హ్యాండిల్ పడదు. కనెక్షన్ ఇచ్చేద్దామని మేం వైర్లు తీస్తుంటే ఆపేశారు. "మంచిదే. అయితే దీన్తో ఒక ప్రమాదం ఉంది. అదేటో రేపొచ్చి చెప్పండి, అప్పుడు తిప్పుదాం."

ఆ రాత్రి ఫోన్లో ఇద్దరం గంటసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. మర్నాడు సాయంత్రం వెళ్లి చెప్పాం: మోటారు తిరుగుతుండగా ఫీల్డ్ వైరు తెగితే త్రీ పాయింట్‌లో హ్యాండిల్ పడిపోయి మోటారు ఆగిపోతుంది. ఫోర్ పాయింట్‌లో హ్యాండిల్ అలాగే ఉంటుంది, ఆర్మేచర్‌కి, అంటే తిరిగే భాగానికి, సప్లై అందుతూనే ఉంటుంది. ఫీల్డ్ లేని షంట్ మోటారు, లోడు కూడా లేకపోతే, స్పీడు అదుపు తప్పి పెరిగిపోతుంది. ఆర్మేచర్ వైండింగ్ చెదిరి బయటికి రావచ్చు. ఆయన తలూపి, ఫీల్డ్ కనెక్షన్లు ఒక్కొక్కటీ స్వయంగా బిగించి చూశారు. మేం రీడింగులు తీస్తున్నంతసేపూ ఆయన చెయ్యి మెయిన్ స్విచ్ మీదే ఉంది. 1800 దాకా వెళ్లాం. నా రికార్డులో ఆ పేజీ మాత్రం పూర్తిగా నాది.

2022లో విశాఖ ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడి ఇంజనీరు ఒక డీసీ డ్రైవ్ డ్రాయింగు ముందు పెట్టి, ఫీల్డ్ కరెంటు పోతే మోటారుని ఆపేసే ఫీల్డ్ ఫెయిల్యూర్ రిలే మీద వేలు పెట్టి, ఇది తీసేస్తే ఏమవుతుందని అడిగారు. నేను నిర్వచనం ఏమీ చెప్పలేదు, ఆ రెండు సాయంత్రాలు జరిగింది చెప్పాను. ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాను.

ఇంత మెచ్చుకున్నాను కాబట్టి మిగతాదీ చెప్పాలి. ఎనిమిది దాకా అన్నానే, అది అబ్బాయిలకు. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరున్నరకే మూసేసేవారు. ఒకే ఫీజు, ఒకే సిలబస్, ఒకే ల్యాబ్. నా ఫ్రెండ్ హాస్టల్లో ఉండేది, ప్రతిసారీ పర్మిషన్ లెటర్ రాయించుకుని రావలసి వచ్చేది. కొన్నాళ్లకు విసుగెత్తి మానేసింది. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. నేను డే స్కాలర్‌ని, కాలేజీ బస్సు పోయినా హైవే మీద ఆర్టీసీ బస్సు దొరికేది కాబట్టి నాకు చెల్లింది.

ఆ స్టార్టర్ ప్రయోగం చేసిన తర్వాతి నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. ఏసీ మెషీన్స్ ల్యాబ్‌లో సగం ప్రయోగాలు మేం స్క్రీన్ మీద సిమ్యులేషన్‌లోనే చూశాం. కాలేజీ తెరిచాక కూడా చాలాకాలం సాయంత్రాలు ల్యాబ్ తియ్యలేదు. నాలుగో ఏడాదిలో మళ్లీ తీశారు. థియరీ పాఠాలు అంతంతమాత్రం. నేను ఎలక్ట్రికల్ మెషీన్స్‌కి ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటీఈఎల్ వీడియోల మీద ఆధారపడ్డాను. అవి ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం వెయ్యి రూపాయలు కట్టాను. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వారం వారం అసైన్‌మెంట్ ఉండటంతో చదువు వాయిదా పడేది కాదు. పగలు వీడియో, సాయంత్రం ల్యాబ్, ఈ రెండూ కలిస్తేనే నాకు సబ్జెక్టు వచ్చింది.

క్యాంపస్‌కి వచ్చినవి దాదాపు అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. మా క్లాసులో ఎక్కువమంది అటే వెళ్లారు, వాళ్లలో చాలామందికి నాకంటే ఎక్కువ జీతం వస్తోంది. వాళ్లకు ఈ ల్యాబ్ ఏమాత్రం ఉపయోగపడలేదని నాతో అన్నవాళ్లూ ఉన్నారు, అది అబద్ధం కాదు. నాది కన్వీనర్ కోటా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, బస్సు ఫీజు, పరీక్ష ఫీజు మాత్రం ఇంట్లోవాళ్లు కట్టారు. మేనేజ్‌మెంట్ కోటాలో లక్షలు కట్టి చేరి ఉంటే ఇదే ల్యాబ్ గురించి ఇంత ఇష్టంగా రాసేదాన్నో లేదో చెప్పలేను.

కాలేజీ పేరు ఎందుకు రాయలేదంటే, అక్కడ ఇప్పుడు పరిస్థితి మారింది. మాస్టారు 2023లో రిటైరయ్యారు. ల్యాబ్ నాలుగున్నరకే మూసేస్తున్నారని జూనియర్లు అంటున్నారు, పరీక్షల ముందు మాత్రం తీస్తున్నారట. సాయంత్రాలు ల్యాబ్ నడిచింది కాలేజీ రూల్ వల్లనా, లేక ఒక మనిషి ఓపిక వల్లనా అని ఈ మధ్య బాగా ఆలోచించాను. రెండోదే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తోంది.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఆప్షన్లు పెడుతున్నాడు, అదే కాలేజీ గురించి అడిగాడు. ఈఈఈ అయితే ఎవరికీ చెప్పకుండా ఒకరోజు అయిదు దాటాక వెళ్లి, ల్యాబ్ తెరిచి ఉందో లేదో, లోపల పిల్లలున్నారో లేదో చూసి అప్పుడు పెట్టమన్నాను. వాడి మనసు సీఎస్‌ఈ మీద ఉంది. దానికైతే ఈ కాలేజీ మంచిదో కాదో నా అనుభవంతో చెప్పలేను, అక్కడ సీఎస్‌ఈ చదివిన మా సీనియర్ నంబరు ఇచ్చాను.