డోమ్లూరులో మంచు అడవుల మంటల వర్క్‌షాప్: 600 పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కాకపోతే ముందే వెళ్ళి దుంగలు పెట్టిన టేబుల్ దగ్గర సీటు పట్టుకోండి, వెనక కూర్చుంటే స్లైడ్లు తప్ప ఏం కనపడవు. కెనడా, స్వీడన్, సైబీరియా అడవుల్లో వందల ఏళ్ళుగా మంటలు ఎలా వస్తున్నాయో చెప్పే సెషన్ ఇది. మా ఆవిడైతే "మనకెందుకండీ ఆ గోల, ఫీనిక్స్ మాల్‌కి పోదాం" అంది, తీరా అక్కడికొచ్చాక లెన్స్ నాకివ్వకుండా తనే పట్టుక్కూర్చుంది.

అసలు డబ్బులన్నీ ఆ స్వీడన్ పైన్ ముక్కకే ఇచ్చుకోవచ్చు. నేలమీద మంట పాకినప్పుడు చెట్టు మొదలు దగ్గర ఒక పక్క బెరడు కింద పొర మాడి చచ్చిపోద్ది, చెట్టు మాత్రం బతుకుద్ది, తర్వాతేడు నుంచి రెండు వైపులా కొత్త చెక్క ఆ గాయం మీదకి ఒంపు తిరుగుతా పెరుగుద్ది, మళ్ళీ మంటొస్తే మళ్ళీ ఇంకో మచ్చ. రెండు మచ్చల మధ్య ఏడాదికొకటి పడే రింగులు లెక్కపెడితే ఎన్నేళ్ళకి మంటొచ్చిందో తెలిసిపోద్ది. నేను గోరుతో తడమబోతే వాలంటీర్ అమ్మాయి, మన కర్నూలు పిల్లే, "అన్నా, చెయ్యి పెట్టొద్దు, అంచు రాలిపోతుంది" అంది. లెన్స్‌లో చూస్తే ఆ అంచు నల్లగా, జిగురు గడ్డకట్టి మెరుస్తా ఉంది. 1800ల చివరికొచ్చేసరికి స్వీడన్‌లో ఈ మచ్చలు బాగా తగ్గిపోయాయంట, కలపకి రేటొచ్చాక అడవిని తగలబడనివ్వలేదు మరి.

కెనడా దుంగ ఎందుకు పెట్టలేదని అడిగా. అక్కడి బ్లాక్ స్ప్రూస్ చెట్లకి కొమ్మలు నేల దాకా ఉంటాయి, మంట వాటిని పట్టుకుని పైకెక్కి మొత్తం చెట్లని చంపేస్తది, మచ్చతో బతికేవి తక్కువ. అందుకని అడవి వయసు, చెరువుల అడుగు బురదలో బొగ్గు నలుసులు చూసి లెక్క కడతారు. జాక్ పైన్ కాయని మరిగే నీళ్ళలో ముంచి చూపించారు, మైనంలా ఉన్న జిగురు కరిగి చిటచిటమని రెక్కలు విడిపోయాయి, పిల్లలందరూ టేబుల్ ఎక్కేశారు. మంట వేడికే విత్తనం రాలేలా తయారైన చెట్టది!

ఇక్కడిదాకా సూపర్. చివరిది మాత్రం పరుగో పరుగు. 1915లో సైబీరియాలో వచ్చిన పెద్ద మంటల సంగతి ఒక్క ముక్కలో అయిపోయింది, 1950లో కెనడాలో సుమారు 14 లక్షల హెక్టార్లు కాల్చేసిన చించాగా మంట, ఆ పొగకి యూరప్‌లో సూర్యుడు నీలంగా కనపడటం, అంత మంచి కథ రెండు స్లైడ్లలో పోయింది. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలింది కదా, ఎప్పుడూ కాలే అడవే అయితే ఇప్పుడెందుకు భయం అని ఎవరో అడిగితే గానీ అసలు పాయింట్ రాలేదు: రెండు మంటల మధ్య గ్యాప్ తగ్గిపోతే స్ప్రూస్ చెట్లు సరిపడా కాయలు కాసేలోపే మళ్ళీ కాలిపోతాయి, ఆ చోట్లో బర్చ్, ఆస్పెన్ లాంటి వేరే చెట్లు వచ్చేస్తాయి. ఇది మొదట్లోనే చెప్పాలి కదా సార్!

2019లో బండీపూర్ తగలబడింది కదా, దాని గురించి కూడా అడిగారు. మన దగ్గర ఎండుటాకుల్లో, గడ్డిలో పాకే మంట, ఎక్కువగా మనుషులు పెట్టిందే, కెనడాలో కాలేదాంట్లో ఎక్కువ భాగం పిడుగుల వల్ల అన్నారు. బాగానే చెప్పారు.

ఐదేళ్ళలోపు పిల్లల్ని తీసుకెళ్ళకండి, విసిగిస్తారు. పార్కింగ్ లేదు, ఆటోలో వెళ్ళండి.