తలుపు ఒకటే, ఇళ్లు రెండు: మూడేళ్లు వాడాక

మా టీమ్‌కి చాట్ ఒక సర్వర్‌లో, ఫైళ్లూ క్యాలెండరూ ఇంకో సర్వర్‌లో ఉండేవి. మూడేళ్ల కిందట రెంటినీ కలిపి ఒకే పోర్టల్ చేశారు. అప్పటినుంచి రోజంతా నేనుండేది అందులోనే. సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పను. దేనికది మంచిదే. నేను చెప్పేదంతా వాటి మధ్య వేసిన అతుకు గురించి.

మొదటి వారం అందరం సంబరపడ్డాం. పాస్‌వర్డ్ ఒక్కసారి కొడితే రెండు చోట్లా లోపలికి వెళ్లిపోవచ్చు. దీనికి వాడింది ఓపెన్‌ఐడీ కనెక్ట్, 2014లో వచ్చిన ప్రమాణం. మెనూ ఒకటే, రంగులూ ఒకటే. కలిసింది గుమ్మం మాత్రమేనని అర్థం కావడానికి నెల పట్టింది.

మా సహోద్యోగి ఒకావిడ ఇంటిపేరు మారి, మెయిల్ అడ్రస్ కూడా మార్పించుకున్నారు. మర్నాడు చూస్తే చాట్‌లో పాత మెసేజ్‌లన్నీ భద్రంగా ఉన్నాయి. ఫైళ్ల వైపు వెళ్తే మాత్రం ఖాళీ ఫోల్డరూ, కొత్తవాళ్లకు చెప్పే 'స్వాగతం' బ్యానరూ! చాట్ సర్వర్ మనిషిని ఎప్పటికీ మారని ఐడీతో గుర్తుపడుతోంది, ఫైళ్ల సర్వరేమో మెయిల్ అడ్రస్‌తో. అడ్రస్ మారేసరికి ఎవరో కొత్తవాళ్లు వచ్చారనుకుని ఇంకో ఖాతా తెరిచేసింది. నిజానికి ఆ ప్రమాణంలోనే ఉంది, మనిషిని పోల్చుకోవడానికి 'సబ్' అనే ఎప్పటికీ మారని ఐడీని, దాన్ని జారీ చేసిన సర్వర్ చిరునామాతో కలిపి వాడాలనీ, మెయిల్‌ను నమ్ముకోవద్దనీ. సెటప్ చేసినప్పుడు ఆ ఒక్క గడి ఎవరూ పట్టించుకోలేదు. ఫైళ్లేమీ పోలేదు గానీ, వాటిని కొత్త ఖాతాకి మార్చి లింకులన్నీ మళ్లీ ఇవ్వడానికి రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ ఆవిడ తను రాసిన డాక్యుమెంట్లను మా దగ్గర అడిగి తీసుకున్నారు.

సెర్చ్ సంగతి ఇంకా ఘోరం. ఒకే పెట్టెలో టైప్ చేస్తే చాట్‌లూ ఫైళ్లూ కలిపి వస్తాయి, నాకు అన్నిటికంటే నచ్చిందీ అదే. ఒకరోజు ఏదో పాత ప్లాన్ కోసం వెతుకుతుంటే నాకు సంబంధం లేని ఫైల్ ఒకటి తగిలింది. నొక్కితే 'అనుమతి లేదు' అంది. అనకేం, టైటిల్ కింద రెండు లైన్లు చూపించేసింది కదా! ఎవరి పని ఎవరికి మారుస్తున్నారో ఆ రెండు లైన్లలోనే ఉంది. ఆ సాయంత్రం వాళ్ల ముఖం చూడటానికే ఇబ్బందిపడ్డాను. సెర్చ్ ఇండెక్స్‌ను, అంటే వెతకడానికి ముందే సిద్ధం చేసుకునే జాబితాను, అన్నీ కనిపించే అడ్మిన్ ఖాతాతో తయారుచేసి, వెతుకుతున్నది ఎవరో చూడకుండా ఫలితాలు ఇచ్చేస్తున్నారని తర్వాత తేలింది. పైగా చాట్ రూమ్ సభ్యుల జాబితా వేరు, ఫోల్డర్ గ్రూపు వేరు. రూమ్ నుంచి తీసేసిన మనిషి ఫోల్డర్‌లో హాయిగా ఉండిపోయేవాడు. ఇప్పుడు గ్రూపులన్నీ ఒక్క డైరెక్టరీ (అందరి ఖాతాల జాబితా) నుంచే, స్కిమ్ అనే ఖాతాలనూ గ్రూపులనూ చేరవేసే ప్రమాణం ద్వారా, రెండు వైపులకీ వెళ్తున్నాయి. వెతికేది ఎవరో చూసి ఇస్తోంది కాబట్టి ఫలితాలు రావడం కాస్త నెమ్మదించింది. పరవాలేదు.

నోటిఫికేషన్ల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ఫైల్ మీద ఒక్క కామెంట్ పడితే గంట మోగుతుంది, చాట్‌లో బాట్ చెబుతుంది, మెయిలూ వస్తుంది. ఒకచోట చదివినా మిగతా రెండిటికీ తెలియదు. రెండు ఆపేసుకున్నాను.

పక్కన ఫ్రేములో కనిపించే చాట్ మొదట్లో మాటిమాటికీ లాగిన్ అడిగేది. రెండు సర్వర్లూ వేర్వేరు డొమైన్లలో ఉన్నాయి మరి. లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే కుకీలకు, వేరే సైట్‌లోంచి వాడవచ్చో లేదో చెప్పే సేమ్‌సైట్ గుర్తు లేకపోతే, క్రోమ్ 2020 నుంచి వాటిని అలాంటి ఫ్రేముల్లోకి వెళ్లనివ్వడం లేదు. రెంటినీ ఒకే డొమైన్ కింద సబ్‌డొమైన్లుగా పెట్టాక ఆ గొడవ పోయింది.

ఇంత సణిగినా, మళ్లీ విడదీస్తామంటే ఒప్పుకోను. ఎందుకంటే చాట్‌లోకి ఫైల్ లాగి వదిలితే వెళ్లేది కాపీ కాదు, లింకు. ముగ్గురం మాట్లాడుకుంటూనే ఒకే ఫైల్ దిద్దుతాం. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'అసలు ఫైనల్' అనే పేర్లు చూసి ఎన్నాళ్లయిందో.

ఇంకా బాగుపడనిది లాగౌట్. మీటింగ్ గదిలోని కంప్యూటర్‌లో పోర్టల్ నుంచి బయటికొచ్చి వెళ్లిపోయాను. నా తర్వాత కూర్చున్నాయన క్యాలెండర్ నొక్కితే నాది తెరుచుకుందట. చాట్ వైపు సెషన్ ముగిసినా ఫైళ్ల వైపు బతికే ఉంది. అప్పటినుంచి రెండు ట్యాబుల్లోనూ విడివిడిగా లాగౌట్ కొట్టి, బ్రౌజర్ కూడా మూసేసి గానీ ఆ కుర్చీలోంచి లేవను.